కనబడలేదని రాసిన కాగితం

అనంతపురంలో ఉద్యోగానికి చేరేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. తొంభైల చివరి మాట. పశువుల ఆసుపత్రి వెనకాల రేకుల కప్పున్న రెండు గదులు, వాటికి ప్రయోగశాల అని ఒక బోర్డు. ఊళ్లోని చికెన్ అంగళ్ల నుంచి పచ్చి మాంసం తెచ్చి, మనుషులకు జబ్బు చేసే బాక్టీరియా అందులో ఉందో లేదో చూసి చెప్పడం నా పని. నాతోపాటు ఒక అటెండరు ఉండేవాడు. నేను చేరిన ఆరు నెలలకు ఆయన రిటైరయ్యాడు. ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. మా పై అధికారి పక్క జిల్లాలో కూర్చుని, పదిహేను రోజులకొకసారి వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. తక్కిన రోజుల్లో తాళం తీసేదీ నేనే, వేసేదీ నేనే. ఒక్కోసారి సాయంత్రం బస్సులో కండక్టరు టికెట్ అడిగితే నా గొంతు నాకే కొత్తగా వినబడేది. ఆ రోజు మొత్తమ్మీద అదే మొదటి మాట.

మా ఊరు తనకల్లు పక్కన. నాయన గొర్రెలు మేపేవాడు. నేను డిగ్రీలో ఉండగానే పోయాడు, అమ్మ అంతకుముందే పోయింది. అన్నా వదినా ఉన్నారు. వదిన నాకు సంబంధాలు చూసేది. కదిరి వైపు నుంచి ఒకామె కొడుకు కోసం నన్ను చూడటానికి వచ్చింది. అన్నీ కుదిరేలాగే ఉన్నాయి.

"పిల్ల ఏం పని చేస్తాండాది?" అని అడిగింది.

వదిన "ఆఫీసులో" అంది. నేను ఊరుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే దినామూ కోడి పేగుల్లో చెయ్యి పెడ్తావా?" అందామె. తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ తరువాత వదిన సంబంధాల ఊసెత్తడం తగ్గించింది. నేనూ పండగలకు తప్ప ఊరికి పోవడం తగ్గించాను.

అనంతపురంలో నేను అద్దెకున్న గది ఒక వ్యాపారుల ఇంటి వెనక భాగం. ఇంటి పెద్ద ఒక అవ్వ. వాళ్లు గుడ్డు కూడా ముట్టరు. "ఏం పనమ్మా నీది?" అని మొదటి రోజే అడిగింది. కదిరి సంబంధం గుర్తొచ్చి, "నీళ్ల పరీక్షలవ్వా" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. అప్పటి నుంచి ఇంటికి రాగానే బావి దగ్గరే తలకు పోసుకుని లోపలికి పోయేదాన్ని. అవ్వ అది చూసి మెచ్చుకునేది. "ఈ కాలం పిల్లల్లో ఇంత మడి యాడుండాది?" అని వచ్చినవాళ్లకు చెప్పేది. శుక్రవారం శుక్రవారం నాకు పులిహోర పెట్టేది. ఆ ఊళ్లో నా పేరున ఇంత వండి పక్కన పెట్టే మనిషి ఆమె ఒక్కతే.

పాత బస్టాండు దగ్గరి సందులో ఒక చికెన్ అంగడి ఉండేది. ప్రతి సోమవారం అక్కడి నుంచే మొదటి నమూనా తెచ్చుకునేదాన్ని. అంగడి ఆయనకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. తక్కిన అంగళ్లవాళ్లు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాళ్లు. ఈయన మాత్రం నవ్వేవాడు.

"రాండి మేడం, నా కోడి పరీక్ష పాసయ్యిందా?"

పాసయ్యిందనే చెప్పేదాన్ని. నేను చేసే పరీక్ష సాల్మొనెల్లా అనే బాక్టీరియాది. మాంసం ముక్కను పులుసులాంటి ద్రవంలో ఒక రోజు పెంచి, మరో ద్రవంలోకి మార్చి, ఆపైన బాక్టీరియాకు మేత పోసిన గాజు పళ్లెంలో తీగతో గీస్తే, అది ఉన్నచోట నడుమ నల్లచుక్కతో మొలకలొస్తాయి. ఆయన అంగడి మాంసంలో నల్లచుక్కలు వరుసగా కొన్ని వారాలు రాలేదు. ఆయన అడిగితే, అధికారి సంతకం తీసుకుని ఒక కాగితం ఇచ్చాను. "హానికరమైన బాక్టీరియా కనబడలేదు" అని నా చేత్తో రాశాను. సాల్మొనెల్లా అని రాయాల్సింది. ఆయనకు ఆ పేరు అర్థం కాదని అలా రాశాను. ఆయన దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, తూకం పైన గోడకు మేకు కొట్టి తగిలించాడు. అంగడి నిండా జనం ఉన్నప్పుడు నేను పోతే, "ఈయమ్మే రాసిచ్చింది" అని చూపించేవాడు. నాకు గర్వంగానే ఉండేది.

ఆయనకు ఒక కూతురు. ఎనిమిదేళ్ల పాప. బడి లేనప్పుడు అంగట్లోనే ఒక పక్క కూర్చుని, దోసకాయ ముక్కలు ఉప్పుకారం అద్దుకుని తింటూ ఉండేది.

ఒక ఎండాకాలం అంగడి మూడు వారాలు మూసేసి ఉంది. పక్క అంగళ్లవాళ్లను అడిగితే పాపకు బాగలేదన్నారు. నాలుగో వారం ఆయనే ప్రయోగశాలకు వచ్చాడు. గడ్డం పెరిగింది. చేతిలో ఆ ప్లాస్టిక్ తొడుగు కాగితం.

"మేడం, ఇది ఇంకోసారి సదవండి."

నేను చదవలేదు. "పాపకెట్లుంది?" అన్నాను.

"ముందు బేదులయినాయి. రక్తం పడింది. నాలుగు దినాలకు తగ్గింది. ఆడుకుంటాండె. రెండు వారాలైనాక, పొద్దున్నే లేసి కాళ్లు రావడం లేదు నాయనా అనింది. సాయంత్రానికి చేతులు గూడా. బెంగళూరుకు ఎత్తుకపోతిమి." ఆగాడు. "ఆడ డాక్టరు చెప్పినాడు, సరిగా ఉడకని కోడికూరలోనో, కోడి కోసిన చేతుల్నుంచో ఒక పురుగు కడుపులోకి పోయింటాది, దాంతో కొట్లాడి కొట్లాడి ఒళ్లు తన నరాల మీదే తిరగబడిందీ అని. కాంపైలో ఏందో పేరు చెప్పినాడు."

"కాంపైలోబాక్టర్."

"ఆ. అదే. నీకు తెలుసా?"

తెలుసు. చదువుకున్నాను. పుస్తకంలో రెండు పేజీలు.

"తెలిస్తే మరి ఇట్ల ఏల రాసిస్తివమ్మా? కనబడలేదని?"

"అన్నా, నేను దాన్ని వెతకలేదు. వెతికేది వేరేదాన్ని. దీన్ని వెతికే పద్ధతి మా దగ్గర లేదు."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"వెతకలేదని రాయల్ల గదమ్మా అట్లయితే," అన్నాడు. కాగితం నా బల్ల మీద పెట్టి పోయాడు.

అధికారి వచ్చినప్పుడు ఈ సంగతంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాడు. ఓపిగ్గా విన్నాడు. "మనకిచ్చిన పద్ధతిలో అది లేదు కదమ్మా. మన తప్పేం లేదు" అన్నాడు. వెతకడం మొదలుపెడతానంటే, "నీ పని అయిపోయాక చేసుకో. సామాన్లు మాత్రం అడగొద్దు" అన్నాడు.

అలా మొదలైంది. మూడేళ్లు పట్టింది.

కాంపైలోబాక్టర్ సన్నగా, వంకీ తిరిగి, ఈదుతూ ఉండే జీవి. కోడి ఒంటి వెచ్చదనమంత, అంటే నలభై రెండు డిగ్రీల వేడి దానికి కావాలి. మనం పీల్చే గాలిలో అది పెరగదు. అసలు గాలి లేకపోయినా పెరగదు. కాస్త గాలి ఉండాలి, ఎక్కువ ఉండకూడదు. పెద్ద ప్రయోగశాలల్లో దానికోసం గ్యాసు సిలిండర్లుంటాయి. నా దగ్గర మూత బిగుసుకునే ఒక గాజు జాడీ ఉంది. అందులో కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టాను. కొవ్వొత్తి ఆరిపోయేది. పళ్లెంలో ఏమీ మొలిచేది కాదు. ఆ ఏడాదంతా అదే వరస.

తరువాత ఒక పాత పుస్తకంలో ఒక దారి దొరికింది. గిన్నెలు తోముకునే స్టీలు పీచును మైలుతుత్తం నీళ్లలో ముంచి జాడీలో పెడితే, అది తుప్పు పడుతూ గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. పక్కన ఒక గిన్నెలో ఈనో పొట్లం నీళ్లలో కలిపితే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. స్టీలు పీచు కిరాణా అంగట్లో, ఈనో మందుల అంగట్లో, మైలుతుత్తం ఎరువుల అంగట్లో కొన్నాను. "ఏం పంటకమ్మా?" అని ఎరువుల ఆయన అడిగాడు. ఏం చెప్పాలో తెలియక దానిమ్మకన్నాను. పళ్లెంలో పోసే మేతలోకి గొర్రె నెత్తురు కావాలి. ఆసుపత్రికి వచ్చే గొర్రెల కాపరులను అడిగితే, ఎవరో ఒకరు ఒప్పుకునేవాళ్లు. గొర్రె మెడ దగ్గర ఉన్ని పాయలు తీసి నరం వెతుకుతుంటే నా చేతులకు నాయన పని అలవాటున్నట్టే ఉండేది.

కరెంటు పోయినప్పుడు ఇంకుబేటర్ చల్లబడేది. జాడీని నాయన కంబళిలో చుట్టి, వేడినీళ్ల సీసాలు చుట్టూ పెట్టేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బాధ లేదు. మా రేకుల గదే నలభై రెండు దాటేది.

ఈసారి మొలకలు వచ్చాయి. కానీ పళ్లెం నిండా వేరేవి. కోడి పేగుల్లో ఉండే మామూలు బాక్టీరియా అంచు నుంచి అంచు దాకా తివాచీలా పరుచుకునేది. వాటిని అణచడానికి ద్రవంలో యాంటీబయాటిక్ కలుపుతారు. నేనూ కలిపాను. అవి లెక్క చేయలేదు. మోతాదు పెంచాను. అయినా లెక్క చేయలేదు. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు. ఒక రోజు మడకశిర వైపు ఒక కోళ్లఫారానికి పోతే, దాణా మూటల పక్కన మందు డబ్బాలు వరుసగా కనబడ్డాయి. "జబ్బు లేకపోయినా ఎయ్యాల్సిందే మేడం, లేకుంటే ఎదగవు" అన్నాడు ఫారం ఆయన. నేను కలిపే మందునే ఆ కోళ్లు పుట్టినప్పటి నుంచి తింటున్నాయి. వాటి కడుపులోని బాక్టీరియాకు అది అన్నం నీళ్ల లెక్క.

ఈ మూడేళ్లూ ప్రతి సోమవారం పాత బస్టాండు సందుకు పోతూనే ఉన్నాను. ఆయన అంగడి మళ్లీ తెరిచాడు. వేరే పని ఆయనకు రాదు. గోడ మీద మేకు అలాగే ఉంది. నేను పోతే ఆయన మాట్లాడేవాడు కాదు. అడగకుండానే ఒక కోడిని కవర్లో వేసి బల్ల మీద పెట్టేవాడు. నేను తీసుకునేదాన్ని. పాప గురించి అడిగితే ఒక్కమాటలో చెప్పేవాడు. "లేచి కూచుంటాంది." కొన్ని నెలలకు, "గోడ పట్టుకోని నిలబడుతాంది." ఆ తరువాత, "నడుస్తాంది. తూలుతాంది." అంతే. తిరిగొచ్చేటప్పుడు ఆ కవరు మోయలేనంత బరువనిపించేది.

ఆ నమూనాలను కూడా తప్పుగా తెస్తున్నానని అప్పుడే తెలుసుకున్నాను. ఎండలో, పొడి కవర్లో, రెండు చోట్ల ఆగుతూ తెచ్చేదాన్ని. ఈ జీవి సుకుమారి. ఎండకూ, తడి ఆరిపోవడానికీ దారిలోనే చచ్చిపోయేది. ఐసు డబ్బాలో పెట్టి నేరుగా తేవడం మొదలుపెట్టాను. ముక్క కోసి తీసుకోవడం మాని, కోడిని మొత్తంగా ద్రవంలో ముంచి కుదిపి, ఆ కడుగు నీళ్లను పెంచాను. ఎందుకంటే అది మాంసం లోపల కాదు, చర్మం ముడతల్లో ఉంటుంది.

చివరి ముడి నీళ్ల పరీక్షల ఆఫీసు విప్పింది. బోరు నీళ్లను వడకట్టే సన్నని పొరలు వాళ్ల దగ్గర గడువు తీరినవి ఒక పెట్టె ఉంటే, అడిగితే ఇచ్చేశారు. ఆ పొరను నెత్తుటి పళ్లెం మీద పరిచి, పైన నాలుగు చుక్కలు వేసి, అరగంట ఆగి పొరను తీసేయాలి. లావుపాటివి పైనే ఉండిపోతాయి. సన్నగా వంకీ తిరిగి ఈదగలిగినవి ఆ రంధ్రాల్లోంచి దూరి కిందికి దిగుతాయి. మందుతో చంపడం ఆపి, దారి ఇచ్చి చూడటం అన్నమాట.

రెండు రోజుల తరువాత, ఒక చలికాలం పొద్దున, జాడీ మూత తీశాను. పళ్లెం మీద బూడిదరంగులో, చదునుగా, నీటిబొట్లు జారినట్టు కొన్ని మొలకలు. తివాచీ లేదు. ఒక బొట్టును గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూశాను. సన్నని వంకీలు. మర మేకులు తిరిగినట్టు తిరుగుతూ, ఒక మూల నుంచి ఇంకో మూలకు దూసుకుపోతున్నాయి. కూర్చున్న స్టూలు మీది నుంచి లేచాను. మళ్లీ కూర్చున్నాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఎస్టీడీ బూతుకు పోయి అధికారికి ఫోన్ చేశాను. క్యాంపుకు పోయాడన్నారు. అన్నకు చెప్తే ఏం అర్థమవుతుంది? అటెండరు ఉన్నా బాగుండు అనిపించింది. మధ్యాహ్నం తాళం వేసి ఇంటికి పోయాను. అవ్వ వసారాలో బియ్యం ఏరుతోంది.

"దొరికిందవ్వా!" అన్నాను.

"ఏం దొరికింది తల్లీ? ఏం పోగొట్టుకుంటివి?" అని నవ్వింది.

"మూడేళ్లుగా వెతుకుతాండా. కోడి చర్మంలో ఉండాదని తెలుసు, దొరకడం లేదు. ఈ పొద్దు కంటితో చూసినా."

అవ్వ చేతిలోని చేట ఆగిపోయింది. "కోడా?" అంది.

అప్పుడు తెలిసింది నేను ఏం చెప్పేశానో. కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అన్నీ చెప్పాను. నీళ్లు కాదని, మొదటి రోజు నుంచీ కోళ్లేనని. పాప సంగతి కూడా చెప్పాను. అవ్వ పాప సంగతి విని కళ్లు తుడుచుకుంది. లోపలికి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"నువ్వు మంచిదానివే అమ్మా. పనీ మంచిదే. కానీ నేను దేవుని మందిరంలో దీపం పెట్టేదాన్ని. వేరే యాడన్నా గది చూసుకో."

అబద్ధం నాది. అవ్వనేమనాలి? ప్రయోగశాల దగ్గరే ఒక గది చూసుకున్నాను. శుక్రవారాల్లో ఏం వండుకోవాలో తోచేది కాదు.

మొలకలను పెద్ద ప్రయోగశాలకు పంపాను. అదేనని రాతపూర్వకంగా జవాబు రావడానికి నెల పట్టింది. ఈలోగా తక్కిన అంగళ్ల కోళ్లు కూడా చూశాను. ఎక్కువ అంగళ్లలో ఉంది. జవాబు వచ్చిన సోమవారం పాత బస్టాండు సందుకు పోయాను. జనం పలచబడేదాకా పక్కన నిలబడ్డాను.

"అన్నా, దొరికింది. మీ అంగడి కోడిలోనే మొదట దొరికింది. మీ ఒక్కరి దాంట్లోనే కాదు, చానా అంగళ్లలో ఉండాది."

ఆయన కత్తి కడుగుతున్నాడు. కడుగుతూనే అడిగాడు. "అంటే ఆ పొద్దు గూడా ఉండింటాది."

"ఉండొచ్చు. ఆ పొద్దు కోడి ఇప్పుడు లేదు కదా. ఖాయంగా చెప్పలేను."

"నువ్వు చెప్పలేవు. నాకు తెలుసు." కత్తి పక్కన పెట్టాడు. "కోడి కోసిన చెయ్యి ఇదే. పాపకు దోసకాయ కోసిచ్చిన చెయ్యీ ఇదే. కత్తి గూడా అదే. ఆ కాగితం నీ ముందర పెట్టి వచ్చినానా, అయినా లోపల అనుకుంటాంటి, అది నిజమే అయ్యింటే బాగుండు, నా కోడిలో ఏమీ లేకుంటే బాగుండు అని."

ఇన్నాళ్లూ నేను ఆయనకు మేలు చేస్తున్నాననుకున్నాను. నేను తెచ్చిన నిజం ఆయనకు ఎంత బరువో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"ఏం జేయల్ల ఇప్పుడు? చెప్పు."

చెప్పాను. కోడి కోసే మొద్దూ కత్తీ వేరే, కూరగాయలకు వేరే. కోళ్లన్నిటినీ ఒకే తొట్టి నీళ్లలో ముంచొద్దు. చేతులు సబ్బుతో కడగాలి. తీసుకుపోయేవాళ్లకు బాగా ఉడికించమని చెప్పాలి. ఇంతేనా అన్నట్టు చూశాడు. ఇంతే. మూడేళ్ల పనికి చివర చెప్పగలిగింది ఇంతే. మరుసటి వారానికి ఆయన తొట్టి తీసేశాడు, కొళాయి పెట్టించాడు.

నా పద్ధతిని అధికారి ఓపిగ్గా చదివి, పైకి పంపాడు. కొంతకాలానికి ఇంకో రెండు జిల్లాల ప్రయోగశాలలు స్టీలు పీచు, ఈనో, నీళ్ల ఆఫీసు పొరలతోనే పని మొదలుపెట్టాయి. ఒకరు ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేసి మైలుతుత్తం ఎంత కలపాలని అడిగారు. ఆ ఫోన్ పెట్టేయడం ఇష్టం లేక, అడగనివి కూడా చాలా చెప్పాను. రిపోర్టుల్లో నేను రాసే వాక్యం కూడా మారింది. ఏవి వెతికామో, ఏవి వెతకలేదో పేరు పేరునా రాయడం అప్పటి నుంచి మా దగ్గర రివాజు.

ఇంకో మూడేళ్లకు, ఒక శనివారం, ఆయన పాపను తీసుకుని వచ్చాడు. పద్నాలుగేళ్ల పిల్ల. ఎడమ పాదం కొంచెం ఈడుస్తోంది. ఆయన గుమ్మం బయటే ఆగాడు.

"దాన్ని చూడల్లంట. ఒకటే పోరు," అన్నాడు.

జాడీలోంచి ఒక పళ్లెం తీసి, గాజు పలక సిద్ధం చేసి, స్టూలు ఎత్తు సరిచేశాను. పిల్ల ఒక కన్ను మూసి వంగింది.

"ఇదేనా అక్కా?"

"ఇట్లాంటిదే."

"ఇంత చిన్నదా?" అంది. మళ్లీ వంగింది. "బలే ఈదుతాంది." ఆ గొంతులో కోపం లేదు, భయం లేదు. కాసేపటికి తలెత్తి, "దీనికి తెలుసా, తాను మనకు జబ్బు చేస్తాండానని?" అని అడిగింది.

"తెల్దు."

"మరి నీకు ఒక్కదానికే ఈడ భయం కాదా?"

తనను కొళాయి దగ్గరికి తీసుకుపోయాను. చేతులు సబ్బుతో ఎలా కడుక్కోవాలో చూపించాను. వేళ్ల సందుల్లో కూడా రుద్దుకుంటూ, శ్రద్ధగా కడుక్కుంది. బయట మూడు మెట్లున్నాయి. వాళ్ల నాయన చెయ్యి అందిస్తే, వద్దని తల ఊపి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. వాళ్లిద్దరూ ఆసుపత్రి ఆవరణ దాటి రోడ్డెక్కేదాకా నేను గుమ్మంలోనే నిలబడి చూశాను. తరువాత లోపలికి వచ్చి, ఆమె చూసిన గాజు పలకను క్రిములను చంపే మందు నీళ్లలో వేశాను.